చెరువుకి టికెట్టు: లుంబినీ పార్కుని చదవడం

పార్కుని విమర్శించడమేంటి అని ఎవరైనా అడగొచ్చు. పుస్తకానికి రచయిత ఉంటాడు, సినిమాకి దర్శకుడు ఉంటాడు, మంచో చెడో వాళ్ళ ఖాతాలో రాసేయొచ్చు. పార్కుకి ఎవరున్నారు? ఒక ఇంజనీరు, ఒక కాంట్రాక్టరు, రోజూ నీళ్ళు పట్టే మాలీలు, శిలాఫలకం మీద పేరున్న మంత్రి. కానీ పార్కు కూడా మనకి ఏదో చెప్తూనే ఉంటుంది. ఇటు నడువు, ఇక్కడ ఆగు, అటు చూడు, ఇదిగో ఇక్కడ ఫోటో దిగు అని చెప్తుంది. ఏది చూడక్కర్లేదో కూడా చెప్తుంది, కాకపోతే నోరు తెరవకుండా. మన చూపుని ఇంత గట్టిగా నడిపించేదాన్ని ఊరికే వదిలేసి, యాభై మంది చదివే కవితా సంపుటి మీద మాత్రం పది పేజీలు రాయడం నాకు కొంచెం అన్యాయంగానే కనిపిస్తుంది.

అందుకే లుంబినీ పార్కు. హైదరాబాద్ నడిబొడ్డున, సచివాలయం ఎదురుగా, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఏడున్నర ఎకరాల చిన్న పార్కు. 1994లో కట్టారు. పూలతో చేసిన గడియారం, మ్యూజికల్ ఫౌంటెన్, పిల్లల ఆటలు, తినుబండారాల దుకాణాలు, నీళ్ళ తెర మీద లేజర్ షో, పడవల రేవు. జిల్లాల నుంచి వచ్చే చుట్టాలకి చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్ అయ్యాక సాయంత్రానికి ఇక్కడికి తీసుకురావడం మన ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ. స్కూలు పిల్లల ఎక్స్‌కర్షన్ బస్సులు ఇక్కడే ఆగుతాయి. సిటీలో ఉండే మనలాంటి వాళ్ళం మాత్రం, చుట్టాలు వస్తే తప్ప, ఆ గేటు దాటం. "వ్యూ బాగుంటుంది, వెళ్ళి రండి" అని చెప్పి పంపిస్తాం.

ఆ "వ్యూ" దగ్గరే నా ఇబ్బంది మొదలవుతుంది.

వ్యూ అనే మాట తెలుగులో కుదురుకున్న తీరు గమనించండి. ఫ్లాటు కొనేటప్పుడు లేక్ వ్యూ, హోటల్ గదికి పూల్ వ్యూ, రీల్‌కి ఎన్ని వ్యూస్. డబ్బు పెట్టి కొనేది, లెక్క పెట్టేది వ్యూ. దీనికి సరిపోయే పాత మాట మన దగ్గర లేదు. దృశ్యం ఉంది, చూపు ఉంది. కానీ దృశ్యానికి అంతస్తుని బట్టి రేటు ఉండదు. చెరువు కట్ట మీద కూర్చున్న ముసలాయన్ని "తాతా, ఇక్కణ్ణుంచి వ్యూ ఎట్లుంది?" అని అడిగితే ఏం చెప్తాడు? ఈ ఏడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్తాడు. తూము బాగుచెయ్యాలంటాడు. ఆయన చెరువుని చూడట్లేదని కాదు. చెరువుతో ఆయనకి పని ఉంది. పని ఉన్నవాడి చూపు వేరు.

హుస్సేన్ సాగర్ కూడా పని కోసం పుట్టిందే. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో మూసీ ఉపనది మీద కట్ట వేసి తవ్వించిన చెరువు ఇది. హైదరాబాద్ నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఊరి కంటే చెరువు దాదాపు ముప్ఫై ఏళ్ళు పెద్దది. ముందు నీళ్ళు, తర్వాత ఊరు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఇరవయ్యో శతాబ్దంలో వచ్చి ఆ బరువు ఎత్తుకునేదాకా ఈ చెరువు జనం గొంతు తడిపింది. ట్యాంక్‌బండ్ అని మనం గొప్పగా పలికే పేరుకి అర్థం చెరువు కట్ట, అంతే. తెలంగాణలో ప్రతి ఊరికీ ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో పిలిచేసరికి దానికి రాజధాని హోదా వచ్చి, చెరువు మాత్రం మన మాటల్లోంచి జారిపోయింది. "హుస్సేన్ సాగర్ చెరువు" అని ఎవరైనా అంటే ఇప్పుడు కొత్తగా వినిపిస్తుంది.

పార్కు లోపలికి వద్దాం. గేటు దగ్గర టికెట్టు. లోపల దారి మనల్ని నేరుగా నీటి అంచుకి తీసుకెళ్ళదు. పూల మళ్ళు, ఫౌంటెన్లు, పిల్లలు ఆగే చోట్లు, కొనుక్కు తినే చోట్లు. అవన్నీ దాటాక రెయిలింగ్, రెయిలింగ్ అవతల నీళ్ళు, నీళ్ళ మధ్యలో బుద్ధుడు. ఆ రెయిలింగ్ దగ్గర నిలబడ్డ ఎవర్నైనా చూడండి. ముందు బుద్ధుణ్ణి చూస్తారు, తర్వాత బుద్ధుడికి వీపు తిప్పి ఫోన్ ఎత్తుతారు. పార్కు మొత్తం ఈ ఒక్క ఫ్రేము కోసం తయారైంది. పేరు కూడా అందుకే లుంబిని, బుద్ధుడు పుట్టిన చోటు. విగ్రహం కథకి పార్కు ముందుమాట లాంటిది.

ఆ విగ్రహం కథ తెలియకుండా ఈ వ్యూ అర్థం కాదు. ముఖ్యమంత్రిగా ఎన్.టి. రామారావు అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్క్‌లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని చూసి, మనకీ అలాంటిది ఉండాలనుకున్నారని చెప్తారు. భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన తెల్ల గ్రానైట్ ఏకశిలని గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు చెక్కారు. దాదాపు 58 అడుగుల ఎత్తు, మూడు వందల టన్నులకు పైబడిన బరువు. విగ్రహాన్ని బార్జి ఎక్కించేసరికి ఎన్టీఆర్ అధికారంలో లేరు. 1990 మార్చి 10న దాన్ని మోసుకెళ్తున్న బార్జి ఒరిగిపోయింది. విగ్రహం నీళ్ళల్లోకి జారింది, దాంతో పాటు మనుషులు కూడా. పనిలో ఉన్న చాలామంది చనిపోయారు. బుద్ధుడు రెండున్నరేళ్ళకు పైగా చెరువు అడుగున పడుకుని, 1992 డిసెంబర్ 1న లేచి నిలబడ్డాడు. దాని తర్వాత రెండేళ్ళకి, ఆయన్ని చూడ్డానికి వీలుగా ఈ పార్కు.

ఇప్పుడు రెయిలింగ్ దగ్గర నిలబడి ఈ కథలో మనకి తెలిసిన పేర్లు లెక్కపెట్టండి. ముఖ్యమంత్రి పేరు తెలుసు. స్థపతి పేరు వెతికితే దొరుకుతుంది. ఆ రోజు నీళ్ళల్లో పోయిన వాళ్ళ పేర్లు మనలో ఎవరికైనా తెలుసా? దుఃఖానికి మూలం వెతుక్కుంటూ ఇల్లు వదిలి వెళ్ళిన మనిషి విగ్రహం అది. దాన్ని నిలబెట్టే క్రమంలో పోయిన ప్రాణాలు జనరల్ నాలెడ్జి బిట్‌లో కూడా సగం వాక్యమే. ఇది ఐరనీ అని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కానీ అది ఐరనీ కంటే ముందు ఒక ఎడిటింగ్ నిర్ణయం. ఏ పేరు చెక్కాలి, ఏ పేరు వదిలెయ్యాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చిందే.

పేర్ల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ పార్కు అధికారిక పేరు లుంబినీ పార్కు కాదు, టి. అంజయ్య లుంబినీ పార్కు. 2006లో మార్చారు. ఆటోవాలాకి ఆ పేరు చెప్పి చూడండి, "యే కహాఁ హై?" అంటాడు. అంజయ్య ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి. 1982లో బేగంపేట విమానాశ్రయంలో, స్వాగతం పలకడానికి వెళ్ళిన ఆయన్ని అప్పటి కాంగ్రెస్ ఎంపీ రాజీవ్ గాంధీ అందరి ముందూ కసురుకోవడం పెద్ద గొడవైంది. ఆ అవమానం తెలుగువాళ్ళందరి అవమానంగా మారింది. అదే ఏడాది మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీకి "ఆత్మగౌరవం" అన్న మాట అందులోంచే బలం తెచ్చుకుంది. ఆ పార్టీ ఎన్టీఆర్‌ని ముఖ్యమంత్రిని చేసింది, ఎన్టీఆర్ ఆత్మగౌరవానికి రాతిరూపంగా బుద్ధుణ్ణి, కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాల్ని తలపెట్టారు.

అంటే అంజయ్య పేరున్న పార్కులో నిలబడి, అంజయ్య అవమానం నుంచి మొదలైన రాజకీయం నిలబెట్టిన విగ్రహాన్ని చూస్తున్నాం. ఆ విగ్రహం తలపెట్టిన ఎన్టీఆర్ సమాధి అదే ఒడ్డున నాలుగడుగుల దూరంలో. ఒక నవలాకారుడు ఇలా పెడితే "ఇంత కుదరదండీ, మరీ అల్లినట్టుంది" అని మనమే రివ్యూ రాస్తాం. పార్కు మాత్రం దీన్ని తన దగ్గర పెట్టుకుని కూడా చెప్పదు. అంజయ్య ఎవరో ఒక నాలుగు వాక్యాల బోర్డు పెడితే, లేజర్ షో కోసం ఎదురుచూసే పిల్లలు చదివేవాళ్ళు. కార్మికుడు ముఖ్యమంత్రి అవ్వడం, ఆ ముఖ్యమంత్రికి దక్కని మర్యాద, ఆ కోపం ఓట్లుగా మారడం, ఇవన్నీ అద్భుతమైన కథలు. వాటికంటే పూల గడియారం ముఖ్యమా?

పార్కు నుంచి కాస్త నడిస్తే ట్యాంక్‌బండ్, అక్కడ విగ్రహాల వరస. సాహిత్యం చదివేవాళ్ళకి ఇది ఇంకా దగ్గరి విషయం. ఎన్టీఆర్ హయాంలో పెట్టిన ముప్ఫై మూడు విగ్రహాల్లో నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల, వేమన, అన్నమయ్య, క్షేత్రయ్య, గురజాడ, వీరేశలింగం, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం, సురవరం ప్రతాపరెడ్డి అందరూ ఉన్నారు. చూస్తుంటే ఒక పాఠ్యపుస్తకం విషయసూచిక నిలబడి ఉన్నట్టు ఉంటుంది. ఎన్నో సంకలనాల మీద మనం కొట్టుకున్నాం, ఫలానా కవి ఎందుకు లేడు, ఫలానా ప్రాంతం ఎందుకు లేదు, ఆడవాళ్ళు ఎంతమంది, దళిత గొంతు ఎక్కడ అని. తెలుగులో అందరికంటే ఎక్కువమంది చూసిన సంకలనం ఈ కట్ట మీదిదే. దాని మీద సాహిత్య విమర్శ రాసినవాళ్ళు ఎంతమంది?

విమర్శ రాయలేదు గానీ, జరిగింది. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమం పిలుపునిచ్చిన మిలియన్ మార్చ్‌లో ఆ విగ్రహాల్లో పదికి పైగా పగిలాయి, కొన్నిటిని చెరువులో పడేశారు. బార్జి మునిగిన రోజూ మార్చి 10 కావడం కాకతాళీయమే, అందులో పెద్ద అర్థం వెతకక్కర్లేదు. అర్థం వెతకాల్సింది పగిలిన విగ్రహాల్లోనే. అప్పుడు రెండు రకాల మాటలు వినిపించాయి. మహాకవుల్ని కూల్చిన అనాగరికులు అని ఒక వైపు, మా నేల మీద మా వాళ్ళని లెక్కపెట్టని సంకలనం మాకెందుకు అని ఇంకో వైపు.

నా లెక్కలో విగ్రహం పగలగొట్టడం విమర్శ కాదు. జాబితా మీద కోపాన్ని జాబితాలో ఉన్నవాడి మీద తీర్చుకోవడం అది. తనని అక్కడ నిలబెట్టమని ఏ కవీ అర్జీ పెట్టుకోలేదు. కానీ రెండో మాటలో ఉన్న ప్రశ్నని దులిపేసుకోవడం కూడా కుదరదు. ముప్ఫై మూడు పేర్లు ఎవరు ఎంచారు, ఏ కొలతతో ఎంచారు, ప్రాంతాల మధ్య తూకం ఎందుకు అలా వచ్చింది అని పాతికేళ్ళపాటు ఎవరూ గట్టిగా అడగలేదు. అడగాల్సిన చోట అడగకపోతే ప్రశ్న ఆగిపోదు, సుత్తి పట్టుకుని వస్తుంది. తర్వాత విగ్రహాల్ని మళ్ళీ నిలబెట్టారు, కొమురం భీం కూడా కట్ట మీదికి వచ్చాడు. అంటే సంకలనానికి రెండో ముద్రణ వచ్చింది. కానీ రెండో ముద్రణకి కూడా ముందుమాట లేదు. పగిలాయి అని గానీ, ఎందుకు పగిలాయి అని గానీ కొత్తగా చూసేవాడికి తెలిసే దారి లేదు. శుభ్రంగా అతికించేశారు.

అతికించడం ఈ ఒడ్డుకి బాగా అలవాటైన పని. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. లుంబినీ పార్కు లేజర్ షో ప్రాంగణంలో బాంబు పేలింది. కొద్ది నిమిషాల తేడాతో కోఠి గోకుల్ చాట్‌లో ఇంకోటి. రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా పోయారు. లుంబినీలో పోయినవాళ్ళలో మహారాష్ట్ర నుంచి స్టడీ టూర్ మీద వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. వాళ్ళు ఈ ఊరికి చుట్టాలు. మనం "వెళ్ళి రండి, వ్యూ బాగుంటుంది" అని పంపించే చుట్టాల్లాంటి వాళ్ళే. 2018 సెప్టెంబర్‌లో ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది, ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి జీవిత ఖైదు. కేసు అయితే అక్కడికి చేరింది. పార్కు ఏం చేసింది?

పార్కు మళ్ళీ తెరుచుకుంది, లేజర్ షో మళ్ళీ మొదలైంది. అది తప్పని నేను అనను. గోకుల్ చాట్ కూడా తెరిచారు, జనం మళ్ళీ వెళ్ళి ప్లేటు పట్టుకుని నిలబడ్డారు, అందులో ఒక మొండి ధైర్యం ఉంది. భయపెట్టాలని చూసినవాడికి ఊరు ఇచ్చే జవాబు అదే. కానీ మొండిగా కొనసాగడం ఒకటి, ఏమీ జరగనట్టు కొనసాగడం ఇంకొకటి. షో మొదలయ్యే ముందు ఒక్క నిమిషం దీపాలు తగ్గించి, ఆ సాయంత్రం ఇక్కడ కూర్చున్నవాళ్ళని తలుచుకోవడం షోకి భాగమైతే? రంగురంగుల్లో ఊరి చరిత్ర చెప్పగలిగే తెర మీద ఆ పేర్లు ఒకసారి వరసగా నడిస్తే? పర్యాటకులు బెదిరిపోతారు అంటారేమో. పేర్లు చదివినంత మాత్రాన బెదిరిపోయే పర్యాటకుడి కోసం ఇంకెన్ని దాచిపెడతాం?

ఈ మధ్య ఈ ఒడ్డున మాట్లాడే గొంతులు పెరిగాయి, వాటి సైజూ పెరిగింది. 2016లో సంజీవయ్య పార్కులో 291 అడుగుల జెండా స్తంభం. 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, కింద 50 అడుగుల పీఠం. అదే నెల చివర్లో గుమ్మటాలతో కొత్త సచివాలయం. జూన్‌లో, లుంబినీ పక్కనే, తెలంగాణ అమరవీరుల స్మారకం, అద్దంలా మెరిసే స్టీలుతో చేసిన పెద్ద ప్రమిద, పైన దీపశిఖ. ఎదురు కొండ మీద 1976 నాటి బిర్లా మందిర్ పాలరాయి ముందు నుంచే ఉంది. అంబేడ్కర్‌కి ఈ ఊళ్ళో అంత ఎత్తు రావడం చిన్న విషయం కాదు. బౌద్ధం స్వీకరించిన మనిషి నీళ్ళ మీద బుద్ధుడికి కూతవేటు దూరంలో నిలబడటం, అనుకుని చేశారో లేదో గానీ, ఈ ఒడ్డున ఉన్న మంచి వాక్యాల్లో ఒకటి. అమరుల స్మారకం కూడా, ప్రాణాలు తీసుకున్న పిల్లల్ని రాష్ట్రం తలుచుకోవడం కాబట్టి, అవసరమైనదే.

అయినా ఇవన్నీ ఒకేసారి కనిపించే చోట నిలబడితే ఒక సందేహం వస్తుంది. ప్రతి ప్రభుత్వమూ ఈ చెరువు మీద తన అధ్యాయం రాసింది, ముందు అధ్యాయం కంటే పెద్ద అక్షరాలతో. అందరూ కేకలేస్తున్న గదిలో ఎవరి మాటా వినిపించదు. ఇంతటి ఎత్తుల మధ్య ఏడున్నర ఎకరాల పార్కు మనిషి సైజులో ఉంది. బెంచీ ఎత్తు, రెయిలింగ్ ఎత్తు, పిల్లాడు తల్లి వేలు పట్టుకుని నడిచేంత దూరం. లుంబినీకి ఉన్న అసలు గుణం అదే, చిన్నతనం. అది ఆ గుణాన్ని గుర్తించకుండా పెద్దవాటిని చూపించే బాల్కనీగా బతికేస్తోంది.

లుంబినీలో నాకు పూర్తిగా నచ్చేది పడవ. కారణం బుద్ధుడు కాదు. బుద్ధుడి దగ్గర దిగి, చుట్టూ తిరిగి, అందరిలా ఫోటో దిగి వచ్చేయొచ్చు. కానీ రేవు వదిలిన రెండు మూడు నిమిషాలకి చూపు తిరగబడుతుంది. అప్పటిదాకా ఒడ్డు నుంచి చెరువుని చూశాం, ఇప్పుడు చెరువు నుంచి ఊరిని చూస్తాం. గుమ్మటాలు, స్టీలు ప్రమిద, కొండ మీద గుడి, కట్ట మీద కదిలే బస్సులు, అన్నీ ఒక గుండ్రటి గోడలా. పెద్దవన్నీ కాస్త తగ్గిపోయి పక్కపక్కన సర్దుకుంటాయి. పడవలో పక్క సీట్లో కూర్చున్న నిజామాబాద్ అమ్మమ్మ, "ఇంత పెద్ద చెర్వా!" అంటుంది. ఆమె నోట్లోంచి ఆ మాట చెరువు అనే వస్తుంది. వ్యూ అని రాదు.

ఇక అక్కడే, పడవ ఇంజను పొగతో పాటు, ఆ వాసన కూడా వస్తుంది. ఈ పార్కు ఎడిట్ చెయ్యలేకపోయింది అదొక్కటే. కూకట్‌పల్లి నాలా, ఇంకా వేరే నాలాలు ఏళ్ళ తరబడి ఊరి మురుగునీ ఫ్యాక్టరీల వ్యర్థాల్నీ తెచ్చి ఈ చెరువులోనే కలిపాయి. శుద్ధి చేసే ప్లాంట్లు పెట్టారు, నాలాల్ని మళ్ళించారు, కోట్లు ఖర్చయ్యాయి, ఎండాకాలం సాయంత్రం గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకోవడం మాత్రం మిగిలింది. వినాయక నిమజ్జనాల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మీద 2021లో తెలంగాణ హైకోర్టు ఆంక్షలు పెట్టేదాకా వెళ్ళింది. ఫోటోలో వాసన రాదు. అందుకే హుస్సేన్ సాగర్ ఫోటోలు అబద్ధం చెప్తాయి, అక్కడ నిలబడ్డ మనిషి ముక్కు నిజం చెప్తుంది. వ్యూగా మారిన చెరువుకి ఇదే ప్రమాదం. కళ్ళకి బాగుంటే చాలనుకుంటాం. దీపాలు పెడతాం, ఫౌంటెన్లు పెడతాం, ఒడ్డుని పూడ్చి రోడ్లూ తోటలూ వేస్తాం. నీళ్ళు తాగాల్సిన పని లేదు కాబట్టి నీళ్ళ సంగతి తర్వాత. తాగే నీళ్ళైతే ఇన్నాళ్ళు ఊరుకునేవాళ్ళమా?

ఇంతకీ ఈ వ్యూ ఎవరిది? పార్కు లోపల టికెట్టు కొన్నవాళ్ళది. కట్ట మీద కొననివాళ్ళది కూడా. ఆ తేడా చిన్నది కాదు. కట్ట మీద పిట్టగోడ పక్కన డ్యూటీ దిగిన డెలివరీ కుర్రాడు బైకు ఆపి చాయ్ తాగుతాడు. హాస్టల్ అమ్మాయిలు ముగ్గురు ఒక మక్కజొన్న కంకి పంచుకుంటారు. గదిలో పది మందితో ఉండే కోచింగ్ కుర్రాడు ఇంటికి ఫోన్ చెయ్యడానికి ఇక్కడికొస్తాడు, ఏడ్చినా ఎవరూ తిరిగి చూడరని. ఇంట్లో మాట్లాడుకునే చోటు లేని జంటలు నీళ్ళకేసి తిరిగి కూర్చుంటారు. 2021 ఆగస్టులో కట్ట కిందే ఉన్న ఇందిరా పార్కు దగ్గర పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. గొడవయ్యాక తీసేశారు. బోర్డు తీశారు గానీ బోర్డు రాసిన చూపు ఎక్కడికీ పోలేదు. ఫిబ్రవరి 14 వస్తే పార్కుల్లో ఎవరెవరు ఎవర్ని తరుముతారో మనకి తెలుసు. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని నీళ్ళు చూడ్డానికి ఎవరి అనుమతీ అక్కర్లేని చోటు ఊళ్ళో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, పార్కు అందం గురించిన చర్చ అంతా వేరేగా వినిపిస్తుంది.

మన సాహిత్యం, సినిమా ఈ కట్టని ఎక్కువగా రెండు పనులకే వాడుకున్నాయి. ప్రేమ మొదలవ్వడానికి, లేదా జీవితం ముగించుకోవడానికి. "ట్యాంక్‌బండ్‌లో దూకుతా" అన్నది జోకు అయిపోయింది. కట్ట మీద లేక్ పోలీసులు ఉన్నారు. నీళ్ళలో పడబోయేవాళ్ళని, పడినవాళ్ళని పట్టుకుని వెనక్కి తీసుకురావడం, కూర్చోబెట్టి మాట్లాడటం, ఇంటికి పంపడం వాళ్ళ రోజువారీ పని. వాళ్ళ చూపు గురించి ఆలోచించండి. ఆ వేల మందిలో వాళ్ళు నీళ్ళని చూడరు, బుద్ధుణ్ణి చూడరు. ఎవరు మరీ ఎక్కువసేపు ఒంటరిగా నిలబడ్డారో, ఎవరు చెప్పులు విప్పారో చూస్తారు. చెరువుతో పని ఉన్నవాళ్ళ చూపు ఇప్పటికీ ఈ ఒడ్డున బతికి ఉందంటే అది వాళ్ళ దగ్గర. మన కథల్లోకి ఆ చూపు ఎందుకు రాలేదు? దూకేవాడి మీద రాసినంత తేలిగ్గా ఆపినవాడి మీద ఎందుకు రాయలేకపోతున్నాం?

ఏడాదిలో ఒక సాయంత్రం మాత్రం ఈ కట్ట మళ్ళీ కట్ట అవుతుంది. సద్దుల బతుకమ్మ నాడు. తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మల్ని నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వస్తారు, పాడతారు, నీళ్ళలో వదులుతారు. అది ఇప్పుడు ప్రభుత్వ పండుగ కూడా, స్టేజీలు, మైకులు, లైట్లు, నాయకుల ఫ్లెక్సీలు అన్నీ ఉంటాయి. అవన్నీ ఉన్నా, పూలు నీళ్ళలో వదిలే మనిషి చెరువుని చూసే చూపులో వ్యూ లేదు. ఆమె చెరువుకి ఏదో ఇస్తోంది. ఊళ్ళో అమ్మ చేసిన పనే చేస్తోంది.

లుంబినీ వెళ్ళొద్దని ఎవరికీ చెప్పను. వెళ్ళండి, టికెట్టు కొనండి, పడవెక్కండి, పిల్లలుంటే లేజర్ షో చూపించండి. పార్కు కట్టినవాళ్ళు జనానికి తక్కువ ఖర్చులో ఒక సంతోషం ఇవ్వాలనుకున్నారు, ఇచ్చారు. మాల్స్‌లో గాలి పీల్చడానికి కూడా జేబు చూసుకోవాల్సిన ఊళ్ళో అది తక్కువ సాయం కాదు. నా ఫిర్యాదు సంతోషం మీద కాదు, ఆ సంతోషానికి మతిమరుపు షరతు పెట్టడం మీద. బార్జిలో పోయినవాళ్ళ పేర్లు, ఆగస్టు 25 సాయంత్రం పోయినవాళ్ళ పేర్లు, అంజయ్య గురించి నాలుగు వాక్యాలు, ఈ వారం నీళ్ళు ఎంత మురికిగా ఉన్నాయో చెప్పే ఒక బోర్డు. ఈ నాలుగూ పెట్టడానికి క్రేన్లు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు. పెడితే వ్యూ ఏమీ చెడిపోదు. బుద్ధుడు అక్కడే ఉంటాడు.

అవి వచ్చేదాకా ఒక పని మన చేతుల్లోనే ఉంది. ఈసారి చుట్టాలొస్తే గేటు దాకా పంపి ఊరుకోకుండా మనమూ లోపలికి వెళ్ళి, రెయిలింగ్ దగ్గర వాళ్ళ ఫోటో తీశాక, ఇది చెరువు అని చెప్పడం. ఎవరు తవ్వించారో, ఎందుకు తవ్వించారో, బుద్ధుడు ఎన్నాళ్ళు నీళ్ళ అడుగున ఉన్నాడో, ఆయనతో పాటు ఎవరు మునిగారో చెప్పడం. పిల్లలు తప్పకుండా అడుగుతారు, "వాళ్ళ పేర్లేంటి?" అని. తెలీదు అని చెప్పాల్సి వస్తుంది. ఆ ప్రశ్న వాళ్ళతో పాటు బస్సెక్కి ఊరికి వెళ్తుంది.